ఒక్క సెమిస్టర్ ఆగు

ఫిబ్రవరి 6, మంగళవారం

నా మాట విని చదువు మానేసినవాళ్ళు ఎంతమంది?

కౌన్సెలర్‌నయిన ఈ పందొమ్మిదేళ్ళుగా ఈ ప్రశ్న నాతోపాటే ఆఫీసుకి వస్తోంది, నాతోపాటే ఇంటికి తిరిగొస్తోంది. పూర్తి చేసినవాళ్ళ లెక్క నాకు తెలుసు. నల్లగౌనులో ఫొటో దిగి పంపిస్తారు, నేను గోడకి అంటిస్తాను. గోడ నిండిపోయి పోయిన సంవత్సరం నుంచి తలుపు మీదకి వచ్చాం. ఆగిపోయినవాళ్ళు ఫొటో పంపరు కదా.

ఇవాళ నొయెమీ బర్రాగన్ వచ్చింది. రెండేళ్ళ క్రితం, డిగ్రీలో మొదటి సగం చెప్పే కమ్యూనిటీ కాలేజి నుంచి మా యూనివర్సిటీకి మారినప్పుడు ఆమె కాగితాలన్నీ నేనే దగ్గరుండి చూశాను. ముప్ఫై నాలుగేళ్ళు. పొద్దున ప్రాథమిక బడిలో టీచరుకి సహాయకురాలు, సాయంత్రం మా క్లాసులు, మధ్యలో తొమ్మిదేళ్ళ కూతురు ఇత్సెల్. మేలో డిగ్రీ చేతికొస్తుందని బడి వాళ్ళు జూన్ నుంచి టీచరు శిక్షణలో చోటు పట్టి ఉంచారు. డిగ్రీ రాకపోతే ఆ చోటు వేరేవాళ్ళది.

కుర్చీలో కూర్చోకుండానే ఉత్తరం బల్ల మీద పెట్టింది. డిగ్రీ ఇచ్చే ముందు చేసే చివరి తనిఖీ ఉత్తరం. ఒక్కటి తక్కువట: ల్యాబ్ ఉన్న సైన్సు కోర్సు.

"నేను చేశాను మిస్. పంతొమ్మిదేళ్ళప్పుడు చేశాను. రాళ్ళ క్లాసు."

భూగర్భ శాస్త్రం 17. రికార్డులో ఉంది, మార్కులూ బాగున్నాయి. కాకపోతే ఆ నెంబరుకి ఇప్పుడు ల్యాబ్ లేదు. చేర్చుకునేటప్పుడు నోరెత్తకుండా, గడప దాటబోతుంటే చొక్కా పట్టుకు లాగడం మా ఆఫీసుల ఆనవాయితీ.

"ల్యాబ్ క్లాసు మళ్ళీ ఆకురాలు కాలంలోనే. అదీ పగలు," అన్నాను.

"పగలు నేను బడిలో ఉంటాను." కాసేపు తలుపు మీది ఫొటోలు చూసింది. "ఒకసారి ఒక్క సెమిస్టర్ ఆగమన్నారు మిస్, ఆగాను. ఆ ఒక్క సెమిస్టర్ తొమ్మిదేళ్ళయింది, ఆ తర్వాతే మళ్ళీ కాలేజి గడప తొక్కాను. ఈసారి ఆగితే ఇక రాను. నా సంగతి నాకు తెలుసు."

ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు కాస్త సులువుగా ఉండేది.

ఫిబ్రవరి 8, గురువారం

రికార్డుల ఆఫీసులో పా న్యా లోర్‌ని కలిశాను. పదేళ్ళుగా ఈ అడ్డంకులన్నీ ఆమె బల్ల మీదుగానే వెళ్తాయి. మనిషి అరచెయ్యంత ఉంటుంది. ఆమె మాట మాత్రం డీన్ కూడా వింటాడు.

"కంప్యూటర్‌కి గతం తెలీదు ఒడెట్. నెంబరు ఒక్కటే తెలుసు. అప్పట్లో ఆ క్లాసుకి ల్యాబ్ ఉండేదంటావా, ఆ టర్మ్ సిలబస్ తీసుకురా. వారానికి ఎన్ని గంటల ల్యాబో అందులో అచ్చయి ఉండాలి. మార్చి ఎనిమిది దాటితే నేనూ ఏమీ చెయ్యలేను."

"పద్నాలుగేళ్ళ కిందటి సిలబస్ ఎవరు దాస్తారు?"

"మా అత్తగారు పెళ్ళిళ్ళకి వచ్చిన కవర్లు ముప్ఫై ఏళ్ళవి దాచింది. ఎవరో ఒకరు దాస్తారులే. ఏడుపు మొహం పెట్టుకుని ఇక్కడ నిలబడకు, జనం నేను తిట్టాననుకుంటారు."

సాయంత్రం నొయెమీ తన కాగితాలన్నీ తెచ్చింది, నీలంరంగు బిస్కెట్ల డబ్బాలో. వాళ్ళమ్మ సూదులు దారాలు పెట్టుకునే డబ్బా అట. ఇత్సెల్ కూడా వచ్చింది, నా కుర్చీలో గిరగిరా తిరిగింది. సిలబస్ లేదు. అడుగున మాత్రం, నాలుగు మడతల్లో, కౌన్సెలర్ రాసిచ్చిన చీటీ ఉంది. 2010 నవంబర్‌ది.

'భూగర్భ శాస్త్రం 17: ల్యాబ్ లేదు. ల్యాబ్ ఉన్నది చేశాక దరఖాస్తు పెట్టు. ఒక్క సెమిస్టర్ ఆగు.'

"ఇదే మిస్, నన్ను ఆగమన్న చీటీ," అంది నొయెమీ.

అంటే అప్పుడూ ఇదే కోర్సు, ఇదే మాట. ల్యాబ్ నిజంగా ఉండి ఉంటే ఆమె 2010లోనే మా గేటు లోపలికి వచ్చి ఉండాల్సింది.

సంతకం అలికినట్టుంది, చదవడానికి లేదు. ఆ రోజుల్లో నేనూ ఆ కాలేజిలోనే పనిచేసేదాన్ని, నిజమే. కానీ అక్కడ కౌన్సెలర్లం నలుగురం ఉండేవాళ్ళం.

ఫిబ్రవరి 9, శుక్రవారం

నలుగురం ఉండేవాళ్ళం.

ఫిబ్రవరి 13, మంగళవారం

కమ్యూనిటీ కాలేజికి ఫోన్ చేస్తే ఏడేళ్ళు దాటిన సిలబస్‌లన్నీ ముక్కలు చేసేశామన్నారు. ఆ కుర్రవాడి గొంతులో ఇల్లు శుభ్రం చేసుకున్నంత సంతోషం. క్లాసు చెప్పిన మాస్టారి పేరు మాత్రం ఇచ్చాడు: హ్రాంట్ మనూజియన్. రిటైరై పదేళ్ళు. ఊరవతల ద్రాక్షతోట.

ఆ పేరు నాకు ఎవరూ ఇవ్వక్కర్లేదు. అప్పట్లో మా కౌన్సెలింగ్ గదిలో, గోడమీద మాస్టార్ల ఫోన్ నెంబర్ల జాబితాలో, పై నుంచి మూడోది ఆయనదే.

అన్నం దగ్గర మా ఆయన మాన్యూల్ అడిగాడు, "ఏంటి, వారం నుంచి పాలు విరిగినట్టున్నావు?" పాల ట్యాంకరు నడిపేవాడికి ప్రపంచంలో దుఃఖాలన్నీ పాలకి సంబంధించినవే. పనిలో చికాకు అన్నాను. ఎవరి పని అని అడగలేదు. అడిగినా నలుగురం ఉండేవాళ్ళమనే చెప్పేదాన్ని.

ఫిబ్రవరి 17, శనివారం

పొద్దున్నే బయల్దేరాను. పొగమంచు, ఎదుటి లారీ వెనక దీపాలు తప్ప ఏమీ కనబడలేదు. తొంభైతొమ్మిదో రోడ్డు దిగాక ఒక్కసారిగా ఎండ కాసింది. రెండువైపులా బాదం తోటలు తెల్లగా పూసి ఉన్నాయి.

ఇది రాసి తీరాలి: ఆ పూల మధ్య నడుపుతున్నప్పుడు, ఆ కాగితం దొరక్కపోతే బాగుండునని నాకు అనిపించింది. ఒక్క క్షణం. ఒక్క క్షణమేనా? వాళ్ళ తోట మలుపు వరకూ ఉంది ఆ క్షణం. దొరక్కపోతే ల్యాబ్ ఉండేదో లేదో ఎప్పటికీ ఎవరికీ తెలీదు. ఎవరి తప్పూ కాకుండా పోతుంది.

మనూజియన్ గారికి ఎనభై నాలుగు. చేతికర్ర ఉంది గానీ దాంతో నడవడు, చూపిస్తాడు.

నా ఇంటిపేరు చెప్పాను. "సిల్వేరానా? పోర్చుగీసు పిల్లవి. మీ వాళ్ళందరిదీ ఆవుల పాడి కదమ్మా, నీకు రాళ్ళతో ఏం పని?"

"రాళ్ళతో కాదండీ, మీ సిలబస్‌తో. 2009, ఆకురాలు టర్మ్."

"ఒక్క కాగితం పారెయ్యలేదు! అన్నీ ఉన్నాయి!" అని కర్రతో షెడ్డు చూపించాడు.

ఉన్నాయి. ఎండుద్రాక్ష నింపే చెక్కపెట్టెలు, నిలువెత్తు వరసలు, ఓ యాభై ఉంటాయి. పెట్టెల మీద సంవత్సరాలు లేవు. సుద్దతో ఏవో రాతలు: 'చక్కెర బాగా పట్టింది', 'కూలీలు దొరకలేదు', 'ట్రాక్టరు పోయింది', 'మంచి ధర'.

వంటింట్లోంచి ఆయన భార్య సెతా కేకేసింది. "ఆయన్ని అడగకు పిల్లా, ఆయనకి నిన్నటి కూరే గుర్తులేదు! రాసింది నేను. ఈ ఇంట్లో సంవత్సరాలకి నెంబర్లుండవు, పంటలుంటాయి. 2009 అంటే ఏ పంటో చెప్పు, పెట్టె చెబుతా."

నాకేం తెలుసు. ఆయనకీ తెలీదు. రెండు గంటలు నేనే పెట్టెలు దింపాను. 'మంచి ధర'లో 1996. 'కూలీలు దొరకలేదు'లో 2004. ఒకదాంట్లో సాలెపురుగులు, ఒకదాంట్లో ఎవరిదో పళ్ళ సెట్టు.

"ఓరి, ఇక్కడుందా!" అన్నాడు ఆయన.

ఆఖరికి నొయెమీకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. "ఆ టర్మ్‌లో ఏదైనా గుర్తుందా? ఏదైనా సరే."

"శనివారాలు కొండలకి తీసుకెళ్ళేవాడు మిస్. ఒకసారి అక్టోబర్‌లో పెద్ద వాన, వ్యాను బురదలో దిగబడింది. మేమందరం తోశాం. ఆయన మాత్రం తొయ్యకుండా రోడ్డు పక్కన నిలబడి, ఆకాశంకేసి చూసి వాళ్ళ భాషలో తిట్టాడు. ఆ రోజు ఆయన ద్రాక్ష అంతా నేలమీద కాగితాల మీదే ఎండుతోందట. అంతా పోయిందని తర్వాత చెప్పాడు."

వంటింటి తలుపు తెరుచుకుంది. సెతా చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఆ వాన సంవత్సరమా! ముందే చెప్పొద్దూ! దాని మీద నేనేమీ రాయలేదు. రాయబుద్ధి కాలేదు."

రాత లేని పెట్టె ఒక్కటే ఉంది, అన్నిటికంటే అడుగున. మూడో దొంతరలో దొరికింది. 'భూగర్భ శాస్త్రం 17. ఉపన్యాసం వారానికి మూడు గంటలు. ల్యాబ్, శనివారం, మూడు గంటలు. హాజరు తప్పనిసరి.' కిందనే కాలేజి వాళ్ళ ఆమోద ముద్ర.

"ల్యాబ్ లేదని ఎవరన్నారు?" ముసలాయనకి కోపం వచ్చింది. "కోర్సుల పుస్తకంలో అచ్చు వెయ్యడం వాళ్ళు మర్చిపోతే నేనేం చెయ్యను? ఒక్క ఫోన్ చేస్తే చెప్పేవాణ్ణిగా! ఏ కౌన్సెలరూ ఒక్క ఫోన్ చెయ్యలేదు. ఒక్కరూ!"

నేను సిలబస్ మడత పెట్టి సంచిలో పెట్టుకున్నాను. సెతా బలవంతాన కూర్చోబెట్టి, చిన్న కప్పులో కాఫీ, చేతిమందాన పక్లావా మిఠాయి పెట్టింది. నేను పొరలు ఒక్కొక్కటే విరుస్తూ కూర్చున్నాను.

"బాగాలేదా?" అంది.

"చాలా బాగుంది," అన్నాను. నిజంగానే బాగుంది.

ఫిబ్రవరి 18, ఆదివారం

నలుగురిలో ఏడు అంకెకి నడుం మీద అడ్డగీత పెట్టేది నేనొక్కదాన్నే. మా నాన్న నేర్పిన ఏడు అది. ఆ నలుగురిలోనే ఒకడు, డాన్, ఎప్పుడూ అనేవాడు, "మీ ఏడు బెల్టు పెట్టుకుంటుందేంటి ఒడెట్?" అని.

చీటీ మీద '17'లో ఏడుకి బెల్టు ఉంది. మొదటి రోజే చూశాను. మొదటి చూపులోనే చూశాను.

నవంబర్ నెలాఖరు గడువు. వరస గది దాటి మెట్ల దాకా వచ్చేది. మనిషికి ఏడెనిమిది నిమిషాలు. పుస్తకం తెరిచాను, 17 పక్కన ల్యాబ్ అని లేదు. గోడమీద పై నుంచి మూడో నెంబరు నాకు చెయ్యి చాచేంత దూరంలోనే ఉంది. ఫోన్ చెయ్యలేదు. ఇరవై ఏళ్ళ పిల్ల, నల్లని పొడుగు జడ అయి ఉండాలి, మొహం నాకు గుర్తులేదు. 'ఒక్క సెమిస్టర్ ఆగు' అని రాసి, నవ్వి, తర్వాతి మనిషిని పిలిచి ఉంటాను. నవ్వేదాన్ని, నాకు తెలుసు. నాకు మంచి కౌన్సెలర్ అని పేరు.

ఫిబ్రవరి 20, మంగళవారం

సిలబస్, నా వినతి, రెండూ పా న్యా చేతికిచ్చాను. వాసన చూసింది.

"ఎండుద్రాక్ష?"

"పెట్టెలో ఉంది."

"చరిత్రకి ఇంత మంచి వాసన ఉంటుందనుకోలేదు." భూగర్భ విభాగం పెద్ద సంతకం పెట్టాలట, ఆయన ఎక్కడో ఎడారిలో విద్యార్థులతో ఉన్నాడట. నొయెమీకి చెప్పాను. "సరే మిస్," అంది, అంతే.

ఫిబ్రవరి 27, మంగళవారం

ఇంకా లేదు.

మార్చి 1, శుక్రవారం

ఇంకా లేదు. ఇత్సెల్ నాకు బొమ్మ వేసి పంపింది. నల్లగౌనులో వాళ్ళమ్మ, పక్కన చక్రాల కుర్చీలో తిరుగుతున్న నేను. నాకు జుట్టు మరీ ఎక్కువ పెట్టింది.

మార్చి 4, సోమవారం

విభాగం పెద్ద ఎడారి నుంచి వచ్చాడు. వచ్చి జ్వరంతో పడుకున్నాడు.

మార్చి 6, బుధవారం

మధ్యాహ్నం పా న్యా మూడంతస్తులు ఎక్కి నా గదికి వచ్చింది. ఆమె ఎవరి గదికీ రాదు, అందరూ ఆమె దగ్గరికే వెళ్ళాలి. తలుపు దగ్గర రొప్పుతూ నిలబడింది.

"సంతకం పెట్టాడు. ఒక్క ఆమెకే కాదు, పుస్తకంలో ల్యాబ్ అచ్చు పడని ఆ నాలుగేళ్ళకీ ఆ నెంబరు ల్యాబ్ ఉన్నదిగానే లెక్క అని రాశాడు. ఏంటలా చూస్తావు? నీళ్ళివ్వు, చచ్చిపోతున్నా మెట్లెక్కి."

నీళ్ళిచ్చాను. గ్లాసు పట్టుకోలేనంతగా ఇద్దరం నవ్వాం. ఎన్నాళ్ళయిందో అలా నవ్వి. భుజాల మీద ఇన్ని రోజులుగా ఏదో మోస్తున్నానని, దించాకనే తెలిసింది.

బడికి ఫోన్ చేశాను. నొయెమీ పిల్లల్ని భోజనానికి వరసలో తీసుకెళ్తోంది. చెప్పాను. అవతల పిల్లల గోల ఒక్కటే. తర్వాత ఎవరో పిల్ల అడగడం వినిపించింది, "మిస్, మీరెందుకు కూర్చున్నారు నేలమీద?"

నొయెమీ అంది, "కాళ్ళు చెప్పిన మాట వినట్లేదురా."

ఇంటికొచ్చి మాన్యూల్‌కి అంతా చెప్పాను, ఏడు అంకెతో సహా. విని, "మరి ఆమెకి చెప్పావా?" అన్నాడు. లేదన్నాను. "ఊఁ," అన్నాడు. ఆ ఊఁ భోజనమంతా బల్ల మీదే ఉంది.

మార్చి 7, గురువారం

చెప్పాను.

నొయెమీ తమాలేలు తెచ్చింది, మొక్కజొన్న పొట్టులో చుట్టి, వాళ్ళమ్మ చేసినవి, రెండు డజన్లు. అవి తింటూ చెప్పడం న్యాయం కాదని మూత పెట్టేసి చెప్పాను. నవంబర్, వరస, గోడమీది నెంబరు, నేను చెయ్యని ఫోన్. "ఆ చీటీ నేను రాసిందే, నొయెమీ. నువ్వు అప్పుడే వచ్చి ఉండాల్సింది."

ఆమె మూత తీసి, ఒకటి నా చేతిలో పెట్టి అంది: "తెలుసు మిస్."

"ఏం తెలుసు?"

"మొదటి రోజు మీరు నాకు ఫోన్ నెంబరు రాసిచ్చారు. అందులో మూడు ఏడులున్నాయి. అన్నిటికీ గీతలే. ఇంటికెళ్ళి డబ్బా తీసి చూసుకున్నాను."

రెండేళ్ళు. రెండేళ్ళుగా తెలిసి నా ముందు కూర్చుంది.

"మరి నా దగ్గరికే ఎందుకొచ్చావు? వేరే కౌన్సెలర్‌ని అడగొచ్చుగా?"

"మొదట కోపం వచ్చింది. వచ్చి తిట్టేద్దామనుకున్నా, ఏం తిట్టాలో అద్దం ముందు చెప్పి చూసుకున్నా కూడా." నవ్వింది. "అది విని మా అమ్మ అంది, పిచ్చిదానా, ఒకసారి రొట్టె మాడ్చినావిడ రెండోసారి పెనం వదిలి కదలదు, ఆవిడ దగ్గరే ఉండు అని."

"నాకు తెలీదు కదా, మాడ్చింది నేనేనని."

"తెలీకపోయినా మీరు కదల్లేదు కదా. తినండి, చల్లారిపోతాయి."

తిన్నాను. కాసేపయ్యాక ఆమే అంది, "ఇరవై ఏళ్ళప్పుడు వచ్చి ఉంటే మొదటి టర్మ్‌లోనే పారిపోయేదాన్ని మిస్. మా నాన్నకి ఒంట్లో బాగోలేదు, ప్యాకింగ్ షెడ్డులో రాత్రి షిఫ్టులు. పైగా ఇత్సెల్ ఉండేది కాదు. కాబట్టి వదిలెయ్యండి."

వదిలెయ్యమంది. ఆ మాట నిజమనే అందా, నా కోసం అందా? మొహం చూస్తే తెలియలేదు. బహుశా ఆమెకీ తెలీదు.

మే 17, శుక్రవారం

ఎండ మాడిపోయింది. నాలుగువేల కుర్చీలు, ఒక్క చెట్టునీడ లేదు. పేర్లు చదివే ప్రొఫెసరు 'బర్రాగన్' అని సరిగ్గానే పలికాడు, అంతలోనే వెనక నుంచి ఆవులకి కట్టే గంట మోగింది. అది మాన్యూల్. ఎవరు తెమ్మన్నారో తెలీదు. ఇత్సెల్ కుర్చీ ఎక్కి "మామీ!" అని అరిచింది. మనూజియన్ గారు చేతికర్ర గాల్లో ఊపుతున్నాడు. "నా విద్యార్థి! నా విద్యార్థి! వ్యాను తోసింది!" అని పక్కవాళ్ళందరికీ చెబుతున్నాడు. సెతా ఆయన చొక్కా పట్టి కూర్చోబెడుతోంది.

నొయెమీ మెట్లు దిగుతూ మమ్మల్ని వెతికింది. కనబడగానే రెండు చేతులూ ఎత్తింది. జూన్ మూడు నుంచి శిక్షణ. అయిపోయింది. నిజంగా అయిపోయింది. మధ్యాహ్నం ఇంటికొచ్చి చెప్పులు విప్పి సోఫాలో పడుకుని గంట నిద్రపోయాను. పగలు నిద్రపోవడం నాకు చేతకాదనుకునేదాన్ని.

లేచాక డ్రాయర్ తెరిచాను. పోయిన వారం పా న్యా ఒక కాగితం ఆఫీసులో నా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది, ఇంటికి తెచ్చి ఇందులో దాచాను. ఆ నాలుగేళ్ళలో భూగర్భ శాస్త్రం 17 చేసి, మాకు దరఖాస్తు మొదలుపెట్టి, మధ్యలో ఆపేసి, మళ్ళీ ఎక్కడా చేరనివాళ్ళు. పదకొండు పేర్లు. నా పాత ప్రశ్నకి జవాబు అంకెల్లో వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. పదకొండుమందికీ చీటీ రాసింది నేనేనా అంటే తెలీదు. నలుగురం ఉండేవాళ్ళం. ఈసారి ఆ మాట నిజమే, కానీ ఇప్పుడు అది నన్ను కాపాడదు.

ఇప్పుడు వాళ్ళకా కోర్సు చెల్లుతుంది. "రండి, మీకు అనుకున్నదానికంటే తక్కువే మిగిలింది" అని రాయొచ్చు. అది వచ్చే వారమే పంపిస్తాను, ఆ సంగతిలో అనుమానం లేదు. కానీ ఇప్పుడు చెల్లుతుందంటే అప్పుడూ చెల్లేదని అర్థం. ఆ రెండో వాక్యం రాయాలా? రాస్తే, నలభయ్యోపడిలో పడుతున్న మనిషి వంటింట్లో నిలబడి, తన పదమూడేళ్ళు ఎవరో చెయ్యని ఒక్క ఫోన్ వల్ల పోయాయని చదువుకుంటుంది. రాయకపోతే మళ్ళీ నేనే, వాళ్ళని అడక్కుండా, వాళ్ళకేది తెలియాలో నిర్ణయిస్తున్నట్టు. నొయెమీకి చెప్పాక నా గుండె తేలికైంది. ఆ తేలిక కోసమే మిగతావాళ్ళకీ చెప్పాలనిపిస్తోందేమో అని కూడా అనుమానం.

మొదటి వాక్యం పదకొండుసార్లు రాశాను, పేర్లు మార్చి. రెండో వాక్యం రాయాలో వద్దో నేనింకా తేల్చుకోలేదు.